అన్నయ్య కట్టిన మూట

జూన్ 4

మేనకోడలా,

నువ్వు బాగానే ఉండి ఉంటావు. బాగా లేకపోతే కదా నీకు మేనత్త గుర్తొచ్చేది.

మొన్న నిన్ను ఫోన్లో అడుగుతూ ఈ కంప్యూటరుతో అరగంట కుస్తీ పట్టాక ఇక ఇలా లాభం లేదని కాగితం తీశాను. నువ్వు గీత పెట్టమంటావు, నేను పెడతాను, పడుకున్న గీతా వాలిన గీతా అని నువ్వు అరుస్తావు. చుట్టూ నాలుగు కుట్టుమిషన్లు తిరుగుతుంటే నాకేం వినబడుతుంది? అసలే బళ్ళు తెరిచే రోజులు, యూనిఫారాలు కుప్పలు పడి ఉన్నాయి. కాబట్టి కొట్టాల్సినవి కాగితం మీద రాసి పంపు. కొలతల పుస్తకం చూసి గుడ్డ కత్తిరించేదాన్ని, అక్షరాలు చూసి కొట్టలేనా?

సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్తాను, ఫోన్లో నువ్వు సగమే విన్నావు. మీ నాన్న పోయి ఎనిమిది నెలలు. ఆయన కంప్యూటరు కూడా ఆయన వెనకే ఆగిపోయింది. ఆయన విడిగా దాచుకున్న డిస్కు ఒకటి మిగిలింది. రిపేరు షాపతను నాకో పాత కంప్యూటరు కూర్చి, అన్నయ్య కంప్యూటరుని నడిపిన లినక్సే అందులో వేసి, నా పేరు tailor అని పెట్టి ఇచ్చాడు. డిస్కులో ఉన్నది ఒక్కటే ఫైలు, illu.tar. అది మూటట. చాలా ఫైళ్ళు కలిపి కట్టిన మూట, విప్పితే తప్ప లోపలివి చదవడానికి రావట. అతనే నా కంప్యూటర్లో annayya అని ఒక ఫోల్డరు చేసి, మూట అందులో పెట్టి, విప్పే పద్ధతి చీటీ మీద రాసి వెళ్ళాడు.

నేను విప్పబోతే తెర నిండా "Permission denied". అనుమతి లేదనేగా? తోడబుట్టినవాడి మూట విప్పడానికి నాకు ఇంకెవరి అనుమతి కావాలి?

ఆస్పత్రికి వెళ్ళేముందు అన్నయ్య ఒక్క మాటే అన్నాడు, "ఆ ఇల్లు ఫైలు పోకుండా చూడవే" అని. ఎవరికి, ఎందుకు అని చెప్పలేదు. రోజూ సాయంత్రం ఆరింటికి ఆ కంప్యూటరు ముందు కూర్చుని పావుగంట టకటకలాడించేవాడు. ఏం రాస్తున్నావురా అంటే డ్యూటీ అనేవాడు. రిటైరైనవాడికి డ్యూటీ ఏమిటని నవ్వేదాన్ని. ఆ రాతలు ఒక్కసారి చూడాలని ఉంది.

అందులో ఏముందో నీకు అక్కర్లేదని ఫోన్లో అన్నావు. ఆ మాట నేను వినలేదు అనుకో.

మిషన్ మీద నుంచి లేవకుండా రాస్తున్న
నీ అత్త

జూన్ 11

అత్తా,

నీ అక్షరాలు చూసి ఎన్నేళ్ళయింది. కవరు తెరిస్తే ఒక నీలం దారం ముక్క కూడా రాలింది. పారేయలేదు.

కాగితం మీద రాయమన్నావు చూడు, నాన్న పద్ధతీ అదే. నాన్నా నేనూ కలిసి పనిచేసిన ఆఫీసు మెషీన్ రూములో, అదే ఆ కంప్యూటర్ల గదిలో, ఏ కమాండు కొట్టాలన్నా ముందు కాగితం మీద రాయాలి, పైకి చదవాలి, ఆ తర్వాతే కొట్టాలి. నేను విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా ఆఫీసులో ముప్ఫై సర్వర్లు నా చేతి కింద ఉన్నాయి, నా దగ్గర పనిచేసేవాళ్ళని నేనూ అలాగే విసిగిస్తున్నాను.

నీ సమస్య చిన్నదే. లినక్సులో ప్రతి ఫైలుకీ, ప్రతి ఫోల్డరుకీ ఒక యజమాని ఉంటాడు. యజమాని ఏం చేయొచ్చు, అతని జట్టువాళ్ళు ఏం చేయొచ్చు, పైవాళ్ళు, అంటే బయటివాళ్ళు, ఏం చేయొచ్చు అని మూడు లెక్కలు విడివిడిగా రాసి ఉంటాయి. చదవడం, రాయడం, లోపలికి అడుగుపెట్టడం అని ఒక్కో లెక్కలో మళ్ళీ మూడు. షాపతను నీ ఫోల్డరు చేసింది రూట్ పేరు మీద. రూట్ అంటే మెషీన్ మొత్తానికి పెద్ద. ఆ ఫోల్డర్లో చదవడం వరకే నీకుంది, రాయడం లేదు. మూట విప్పడమంటే అక్కడ కొత్త ఫైళ్ళు రాయడమే కదా, అందుకే కుదరదంది. ఇది కొట్టు:

sudo tar -xf illu.tar

ముందున్న sudo అనే మాటకి అర్థం, పెద్ద అధికారంతో చెప్తున్నానని. పాస్‌వర్డు అడుగుతుంది. కొట్టేటప్పుడు తెర మీద ఏమీ కనబడదు, కంగారు పడకు.

గుర్తుందా, మెషీన్ రూములో ఏసీ చలికి తట్టుకోలేకపోతున్నామని నువ్వు నాకూ నాన్నకీ ఒకే తాను గుడ్డతో కోట్లు కుట్టావు. జేబులు మరీ లోతుగా పెట్టావని నాన్న గొణిగాడు. తర్వాత టీ గ్లాసు కూడా అందులోనే పెట్టుకుని తిరిగేవాడు. బూడిద రంగు తలుపు, కాళ్ళ కింద గరగరమనే పలకలు, అంచుల్లో చిల్లులున్న ప్రింటరు కాగితం... వద్దులే, మొదలుపెడితే ఆగను.

నేను అడిగానని కాదు, నీకోసం చెప్తున్నాను. విప్పాక నీ మానాన నువ్వు చదువుకో, నాకు చెప్పక్కర్లేదు.

నీ కోడలు

జూన్ 18

ఏమే,

నువ్వు రాసింది రాసినట్టు కొట్టాను. ఈసారి కిక్కురుమనకుండా విప్పేసింది. సంతోషపడి, చేతిలో పని పక్కన పెట్టి, illu అనే ఫోల్డరులోకి వెళ్ళబోయాను. మళ్ళీ అదే పాట, అనుమతి లేదని. నిన్నటిదాకా వీధి గుమ్మం దగ్గరే ఆపేసింది, ఇప్పుడు వసారా దాకా రానిచ్చి గది తలుపు మూసేసింది.

షాపతన్ని అడిగితే ls -l అని కొట్టి, వచ్చింది నీకు రాయమన్నాడు. చూసి చూసి రాశాను:

drwx------ 13 1004 1004 4096 illu

ఇన్ని గీతలేమిటే? మధ్యలో ఆ 1004 రెండుసార్లెందుకు? నిజం చెప్పు, నీకు ఇష్టం లేదని కావాలనే తలుపు పడేలా రాసి పంపావా? నీకు ఆ పాటి మొండితనం ఉందని నాకు తెలుసు. మీ నాన్న పోలికేగా.

కోట్ల సంగతి రాశావు. ఆ కోట్లు ఇవ్వడానికి వచ్చిన రోజే నేను ఆ గదిలో మొదటిసారి అడుగుపెట్టాను. చెప్పులు బయట విప్పించాడు మీ నాన్న. లోపల నువ్వు ఎత్తు కుర్చీ మీద కూర్చుని తెర చూస్తున్నావు, ఆయన వెనకాల నిలబడి నిన్ను చూస్తున్నాడు. నేను వచ్చి పది నిమిషాలైనా ఇద్దరూ ఇటు తిరగలేదు. కోపమొచ్చి వెళ్ళిపోదామనుకున్నాను, కానీ వెళ్ళబుద్ధి కాలేదు. మీ ఇద్దరినీ అలా చూడటం బాగుంది. మీ అమ్మ పోయాక ఆ మనిషి ముఖంలో వెలుగు మళ్ళీ నేను చూసింది ఆ గదిలోనే.

తొందరగా రాయి. ఆలస్యం చేస్తే వాళ్ళ పిల్లల లాగులన్నీ పొట్టిగా కుట్టానని నలుగురు తల్లులు నన్ను చంపుతారు, ధ్యాసంతా ఈ డబ్బా మీదే ఉంది.

అత్త

జూన్ 25

అత్తా,

నేను కావాలని ఏ తలుపూ వేయించలేదు. నువ్వలా అనుకున్నందుకు బాధేసింది, కానీ అనుకోవడానికి నీకు కారణం ఉందిలే.

నువ్వు రాసి పంపిన వరసకి అర్థం ఇది. మొదటి d అంటే ఫోల్డరు. తర్వాత rwx అంటే యజమాని చదవొచ్చు, రాయొచ్చు, లోపలికి వెళ్ళొచ్చు. ఆ తర్వాత ఆరు గీతలంటే జట్టువాళ్ళకీ పైవాళ్ళకీ ఏమీ లేదు. బొత్తిగా ఏమీ లేదు. 1004 యజమాని నంబరు. పాత మెషీన్లో ఆ నంబరుకి ఒక పేరు ఉండేది, నీ మెషీన్లో ఆ మనిషే లేడు, అందుకే ఉత్త నంబరు చూపిస్తోంది. ఎవరా మనిషి అంటావా, ఇంకెవరు, నాన్నే. తనొక్కడు తప్ప ఇంకెవరూ అడుగుపెట్టకుండా గడియ పెట్టి మూట కట్టాడు. ఇది పొరపాటున జరిగేది కాదు, చేత్తో పనిగట్టుకుని చేస్తేనే అవుతుంది.

నీకు మేము ఎప్పుడూ సరిగా చెప్పలేదు కదా ఏం జరిగిందో. అప్పుడు నేను ఆ రూములో చేరి ఏడాదైంది. ఒక ఫోల్డరు తెరుచుకోవడం లేదని ఎవరో వస్తే, దాన్ని అందరికీ తెరిచేద్దామని కమాండు కొట్టాను. కాగితం మీద రాయలేదు. ఒక చుక్క వదిలేశాను. చుక్క ఉంటే ఆ ఒక్క ఫోల్డరుకే వర్తించేది. లేకపోయేసరికి మెషీన్ మొత్తం, మొదలు నుంచి చివర దాకా, ప్రతి ఫైలూ అందరికీ బార్లా తెరుచుకుపోయింది. మళ్ళీ సరిచేయడానికి మూడు రోజులు పట్టింది. మూడో రోజు నాన్న అందరి ముందూ "రేపటి నుంచి నీకు ఈ గదిలో పని లేదు" అన్నాడు. అని, నా పేరు మెషీన్లోంచి తీసేసే కమాండు నా కళ్ళ ముందే కొట్టాడు. నేను కోటు విప్పి కుర్చీ మీద పడేసి వచ్చేశాను.

ఉద్యోగం పోయినందుకు కాదత్తా. తప్పు చేశాను, పోవాల్సిందే. కానీ కూతురి పేరు అలా కొట్టేస్తాడా? పదకొండేళ్ళలో నాలుగుసార్లు మాట్లాడుకుని ఉంటాం, అదీ ఆరోగ్యం గురించే. ఆస్పత్రికి నేను చేరేసరికి ఆయనకి స్పృహ లేదు. నన్ను మళ్ళీ లోపలికి రానిస్తాడో లేదో అడగడానికి కూడా లేకుండా పోయింది. ఇప్పుడు ఈ ఆరు గీతలు చూశాక అడగాల్సిన పని కూడా లేదు.

వదిలేయ్. డిస్కు బీరువాలో పెట్టు, లేకపోతే పారేయ్. లోపలి పేర్లన్నా చూడాలని మరీ అంతగా ఉంటే, విప్పకుండానే ఇది కొట్టు, జాబితా వస్తుంది:

tar -tvf illu.tar

ఇక దీని గురించి రాయకు.

నీ కోడలు

జూలై 2

కోడలా,

రాయొద్దంటే రాయకుండా ఉండటానికి నేను నీ దగ్గర జీతానికి పనిచేయడం లేదు.

పారేయమంటావా? నీ చేత్తో నువ్వు పారేయగలవా? ఎనిమిది నెలలు ఆ డిస్కుని మెత్తటి గుడ్డలో చుట్టి దాచాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మీరిద్దరూను. ఆయన అంతే, నువ్వూ అంతే. మధ్యలో నేను ఆయన దగ్గర నీ మాట ఎత్తి తిట్లు తిన్నాను, నీ దగ్గర ఆయన మాట ఎత్తి తిట్లు తింటున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. ఆ మెషీన్ రూము మూసేసినప్పుడు పాత మెషీన్లన్నీ తుక్కు కింద అమ్మేశారు. నువ్వు పాడుచేశానంటున్నావే, ఆ మెషీన్నే మీ నాన్న కొని తెచ్చుకున్నాడు. ఇద్దరు కూలీలు మోసుకొచ్చారు. ఇంట్లో మంచం పట్టే చోటు అదే ఆక్రమించింది. బుద్ధుందా అన్నాను. "దీంట్లో ఉన్నవి వేరే దాంట్లో ఉండవే" అన్నాడు. ఆయన పోయాక ఆగిపోయిందని రాశానే, అదే ఇది.

సరే, కోపం తీరలేదు కానీ నువ్వు చెప్పింది కొట్టాను. జాబితా చాలా పొడుగొచ్చింది. నూట ముప్ఫై దాకా లెక్కపెట్టి మానేశాను. మొదటిదీ చివరిదీ రాస్తున్నాను. ముందు వరస:

drwx------ pidugu/pidugu 0 illu/

లోపల 01 నుంచి 11 దాకా పదకొండు ఫోల్డర్లు. అన్నిటిలో ఫైళ్ళే, అన్నీ చిన్నవే. ఆఖరి ఫైలుకి వేసిన తేదీ సెప్టెంబరు ఇరవై ఆరు. అంటే ఆయన ఆస్పత్రిలో చేరడానికి ముందు రోజు.

ఈసారి 1004 కనబడలేదు. ఆ చోట ప్రతి వరసలోనూ ఈ pidugu ఉంది. పిడుగా? ఎవరే ఈ పిడుగు? మీ నాన్నని చిన్నప్పుడు మేం మొద్దబ్బాయి అనేవాళ్ళం గానీ పిడుగని ఎవరూ అనలేదు.

అలిగిన అత్త

జూలై 9

అత్తా,

నీ ఉత్తరం ఆఫీసుకి పట్టుకెళ్ళి, సర్వర్ గదిలో నిలబడి చదివాను. ఆ వరస దగ్గరికి వచ్చాక కింద కూర్చుండిపోయాను. పక్కవాళ్ళు కళ్ళు తిరిగాయనుకుని మంచినీళ్ళు తెచ్చారు.

పిడుగు నేనే. ఇంట్లో ఎప్పుడూ అనేవాడు కాదు. మెషీన్ రూములో చేరిన రోజు నాకు లాగిన్ పేరు ఏం పెట్టాలని అడిగితే, నాన్న నన్నడక్కుండానే అది కొట్టేశాడు. ఆ గది దాటి ఆ పేరు బయటికి రాలేదు. నీకెలా తెలుస్తుంది.

1004 నా నంబరు. నాన్నది 1000. ఆ మెషీన్లో మొదటి మనిషి ఆయనే, నంబర్లు అక్కడి నుంచే మొదలవుతాయి. రోజూ ఇదే పని చేసి బతుకుతున్నదాన్ని, నాకు తెలియని విషయమా? నీ ఉత్తరంలో నంబరు చూశాను, ఆయన మీద కోపం అడ్డొచ్చి చదవలేదు.

ఆ రోజు ఆయన కమాండు కొట్టడం చూశానని రాశాను కదా. అక్షరాలు కొట్టడం చూశాను. ఎంటర్ నొక్కడం చూడలేదు. అప్పటికే తలుపు దగ్గరున్నాను. ఆయన నొక్కలేదు అత్తా. నొక్కి ఉంటే ఆ మెషీన్లో ఆ పేరు ఉండదు, పేరు లేనివాళ్ళకి సెప్టెంబరులో ఎవరూ ఫైళ్ళు రాసివ్వలేరు. ఆరు గీతలు పెట్టింది నిజమే. నన్ను బయట ఉంచడానికి పెట్టాడనుకున్నాను. అవి నేను తప్ప అందరికీ.

నీకు తెరుచుకోకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పే. sudo తో విప్పితే పాత యజమానినీ, పాత హద్దుల్నీ ఉన్నవున్నట్టు తెచ్చి పెడుతుంది. మామూలుగా విప్పితే విప్పినవాళ్ళే యజమానులు అవుతారు. నేను నీ సొంత ఫోల్డరులో, sudo లేకుండా విప్పమని చెప్పి ఉంటే ఒక్క నిమిషంలో అయిపోయేది. తొందరగా వదిలించుకోవాలని, ఆలోచించకుండా రాసి పడేశాను. పదకొండేళ్ళైనా నాకు బుద్ధి రాలేదు.

ఇప్పుడు అలాగే చెయ్యి. నీ హోం ఫోల్డరు, అంటే tailor పేరుతో ఉన్న నీ సొంత ఫోల్డరులోకి మూటని కాపీ చేసుకుని, ముందున్న sudo అనే మాట తీసేసి కొట్టు. అన్నీ తెరుచుకుంటాయి. చదివి, లోపల ఏముందో రాయి. నేను ఎదురుచూస్తుంటాను.

నీ కోడలు

జూలై 16

పిడుగా,

నేను విప్పలేదు.

నువ్వు చెప్పినట్టు మూట కాపీ చేసుకున్నాను. ముందు మాట తీసేసి కమాండంతా కొట్టాను. కాగితం మీద రాసుకుని, పైకి చదువుకుని మరీ కొట్టాను. ఎంటర్ మీద వేలు పెట్టి, తీసేశాను. నాకు చదవాలని లేకనా? నీకన్నా నాకే ఎక్కువ ఉందేమో. కానీ పైవాళ్ళకి వద్దని గీతలు పెట్టాడు కదా అన్నయ్య. నేను పైదాన్నే. రాసేటప్పుడు బాధగానే ఉంది. రోజూ అన్నం పెట్టింది నేను, బట్టలుతికింది నేను, డాక్టరు దగ్గర కూర్చుంది నేను. మూట మాత్రం నీ పేర కట్టాడు. రెండు రోజులు ఆయన ఫోటో వైపు చూడలేదు.

మూడో రోజు చూశాను. నాతో చెప్పాల్సినవన్నీ నాతో చెప్పుకునేవాడులే. చెప్పుకోలేనివే అక్కడ పెట్టి ఉంటాడు.

షాపతను మూటని పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చాడు. యూనిఫారం గుడ్డ మిగిలితే సంచీ కుట్టి, నోరు కుట్టేసి ఈ కవర్లో పెట్టాను. కత్తెరతో జాగ్రత్తగా విప్పు, పళ్ళతో లాగకు.

ఏముందో నాకు చెప్పాలని లేదు. చెప్తే మాత్రం వద్దనను.

అత్త

జూలై 24

అత్తా,

పళ్ళతోనే లాగాను. నీ కుట్టు ఊడితే కదా, చివరికి కత్తెరే తెచ్చాను.

కాగితం మీద రాసుకుని, చదువుకుని, కొట్టాను. ఒక్క అడ్డంకీ లేదు. పదకొండు ఫోల్డర్లు, పదకొండేళ్ళు. నెలకొక ఫైలు, రోజుకొక నోటు.

మెషీన్ రూములో మాకు ఒక ఆచారం ఉండేది. డ్యూటీ దిగేవాళ్ళు ఆ రోజు జరిగింది పుస్తకంలో రాయాలి. కింద పెండింగ్ అని, మిగిలిపోయిన పని రాయాలి. ఎక్కేవాళ్ళు అది చదివి, కింద "తీసుకున్నాను" అని రాసేదాకా దిగేవాళ్ళు కదలకూడదు. వర్షమొచ్చినా, ఒంట్లో బాగా లేకపోయినా అంతే. సాయంత్రం ఆరింటికి నాన్న దిగేవాడు, నేను ఎక్కేదాన్ని. నేను ఆలస్యంగా వస్తే కోటు వేసుకునే కూర్చుని ఉండేవాడు, ఒక్క మాట అనేవాడు కాదు.

ఇవన్నీ అవే నోట్లు. నేను వెళ్ళిపోయిన సాయంత్రం మొదలయ్యాయి. మొదటిది ఇలా ఉంది: "మెషీన్ సరిగా నడుస్తోంది. నష్టమేమీ లేదు. ఆ రోజు అమ్మాయిని ఒక్కదాన్నే వదిలి టీకి వెళ్ళాను, తప్పులో సగం నాది. ఆ మాట అందరి ముందూ అనలేకపోయాను. పెండింగ్: అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాలి."

మర్నాడు వంటగది బల్బు మార్చాడట. పెండింగ్: అమ్మాయికి ఫోన్ చేయాలి. ఆ మర్నాడు కుళాయి కారుతోంది. పెండింగ్: అదే. తర్వాతంతా ఇలాగే. చెల్లెలు వచ్చింది, చొక్కాకి గుండీ కుట్టింది, తిట్టింది. పెండింగ్: అదే. మోకాలు నొప్పి. పెండింగ్: అదే. రిటైరయ్యాను, దండ వేశారు. పెండింగ్: అదే. మేం ఫోన్లో మాట్లాడుకున్న నాలుగు రోజులూ వెతికి చూశాను. "అమ్మాయి మాట్లాడింది. దగ్గు తగ్గిందా అంది. తగ్గిందన్నాను. పెండింగ్: అదే."

మొదట ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది, ఫోన్ పక్కనే ఉంది కదా మనిషీ, ఏం పోయింది అని తెర మీద అరిచాను. మరి నేనేం చేశాను? నేనూ రోజూ రేపు చేద్దాంలే అనుకున్నాను. నేను రాసి పెట్టుకోలేదు, అంతే తేడా.

నువ్వు ప్రతి పేజీలోనూ ఉన్నావు. పైదాన్నని ఇంకోసారి అనకు. అన్నిటికీ నీకు చదివే అనుమతి ఇస్తున్నాను. రాసే అనుమతి ఇవ్వను, నీ వంటలో ఉప్పు గురించి ఆయన రాసినవన్నీ కొట్టేస్తావు.

ఆఖరి నోటు సెప్టెంబరు ఇరవై ఆరుది. "రేపు ఆస్పత్రి. ఫైళ్ళు మూట కట్టాలి. పెండింగ్: అదే." దాని కింద ఖాళీగా ఉంది. నాలుగు వేల నోట్ల కింద ఖాళీయే. ఆ ఆఖరి దాని కింద "తీసుకున్నాను" అని కొట్టి, పిడుగు అని పేరు పెట్టాను. గడియారం చూస్తే ఆరు దాటి ఇరవై నిమిషాలు. ఆలస్యమే, ఎప్పటిలాగే.

మిగిలిన పని ఇప్పుడు నా డ్యూటీలోకి వచ్చింది. ఆయనకి ఫోన్ చేయడానికి లేదు. నీ దగ్గరికి రావడానికి ఉంది. సెలవు అడగలేదు, వెళ్తున్నానని చెప్పాను. శనివారం పొద్దున నీ షాపు తెరిచేసరికి మెట్ల మీద కూర్చుని ఉంటాను.

నీ
పిడుగు